గీతలో చేప లేదు

హల్ నగరంలో ఫోను పెట్టెలు ఎర్రగా ఉండవు.
మీగడ రంగు.
ఆ ఊరి ఫోను కంపెనీలో ముప్పైనాలుగేళ్ళు
రేపటిని లెక్కగట్టింది ఎనిడ్ గార్బట్.

అరవై ఒకటిలో చేరినప్పుడు ఆవిడ ఉద్యోగం పేరు
గుమస్తా, రెండో తరగతి.
పని మాత్రం, ఏ వీధికి ఎన్ని తీగలు పాతాలో
పదిహేనేళ్ళ ముందే చెప్పడం.
కంప్యూటరు లేదు. మంచి బూట్లున్నాయి.
వీధులెంట నడిచి
దండేల మీద ఆరేసిన చొక్కాలు లెక్కపెట్టేది,
గుమ్మాల ముందు పిల్లల తోపుడుబళ్ళు,
కప్పుల మీద టీవీ యాంటెన్నాలు.
"యాంటెన్నా మొలిచిన ఇంటికి
నాలుగేళ్ళలో ఫోను కాస్తుంది" అనేది,
బెండ మొక్క గురించి చెప్పినట్టు.

నేను తొంభై రెండులో ఆవిడ కింద చేరాను.
మొదటి రోజు, బస్సు అద్దానికి పట్టిన ఆవిరిలో
వేలితో ఒక గీత గీసి చూపించింది:
నత్తలా పాకి, నిచ్చెనెక్కి,
చివర చాప పరుచుకుని పడుకునే గీత.
"ఏ యంత్రమైనా ఇంతే.
నిచ్చెన ఎప్పుడెక్కుతుందో చెప్పడానికే మన జీతం."
దిగే స్టాపు వచ్చేసరికి
గీత కారిపోయింది.

హెస్సెల్ రోడ్ సంగతి మాత్రం
రిటైరయ్యే రోజు దాకా చెప్పలేదు.

డెబ్భై ఒకటిలో ఆవిడ రాసిన నివేదిక:
డెబ్భై ఆరు కల్లా ఆ చేపలరేవు వీధుల్లో
ప్రతి ఇంటా ఫోను.
ఎందుకు రాదు? మగవాళ్ళు మూడేసి వారాలు
ఐస్‌లాండ్ దాపుల మంచు నీళ్ళలో;
ఆడవాళ్ళు కబురు కోసం రేవు దాకా పరుగులు.
కంపెనీ నమ్మింది. రోడ్డు తవ్వింది.
వెయ్యి జతల రాగి తీగ పాతింది.

డెబ్భై ఆరు వచ్చింది.
ఐస్‌లాండ్ సముద్రం మీద రెండు వందల మైళ్ళ దూరాన
తనూ ఒక గీత గీసింది.
పడవలు రేవులో తుప్పు పట్టాయి.
ఫోను పెట్టించుకున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే
చంకన పెట్టుకొచ్చి కౌంటరు మీద దించారు,
తీగ చుట్టి, శుభ్రంగా తుడిచి.
మిసెస్ బ్లెన్‌కిన్ అనే ఆవిడ
రశీదు మరిచిపోయి మళ్ళీ వెనక్కొచ్చిందట.
ఆ రాగిలో సగం ఇప్పటికీ నేలలోనే ఉంది,
ఎవరి గొంతూ తగలకుండా.

"ఫోను గురించి నేను తప్పు చెప్పలేదు" అంది ఎనిడ్.
"నా గీతలో చేప లేదు."

విచిత్రం, ఆ తర్వాతే పేరొచ్చింది.
లండన్ హోటళ్ళలో సభలు, మెడలో పేరు బిళ్ళ.
అక్కడ నేర్చుకుందట "పదేళ్ళలో" అనే మాట.
ఐదంటే పట్టుకుంటారు, ఇరవై అంటే ఆవలిస్తారు.
పదేళ్ళంటే
అడగాల్సినవాడికి ఈలోగా బదిలీ అయిపోతుంది.

నేను ఉగాది పంచాంగం గురించి చెప్పాను:
ఆదాయం ఎనిమిది, వ్యయం పద్నాలుగు,
రాజపూజ్యం ఒకటి, అవమానం అయిదు.
"ఏడాది చివర ఎవరైనా సరిచూస్తారా?"
"లేదు. మళ్ళీ కొత్తది వింటారు."
"చదివినాయనకి ఏమిస్తారు?"
"పంచెల చాపు, దక్షిణ."
"నాకు భోజనం, రైలు టికెట్టు" అని
టీ పొలమారేదాకా నవ్వింది.

ఇప్పుడు ఎనభై నాలుగు.
కిటికీకి ఎదురుగా బస్ స్టాపు.
రోజూ రాత్రి నోటుబుక్కులో రాస్తుంది:
రేపు ఎనిమిదింబావు బస్సుకి ఎంతమంది.
పొద్దున లేచి లెక్కపెడుతుంది.
నేనున్న రోజు ఆరని రాసింది. నలుగురొచ్చారు.
ఆరు కొట్టెయ్యలేదు, పక్కనే నాలుగు వేసింది.
"పన్నెండు గంటల్లో సిగ్గుపడొచ్చు.
ఇంత దగ్గరి రేపుని
ఉద్యోగంలో ఒక్కనాడూ ఇవ్వలేదు నాకు."

అప్పుడు హాల్లో ఫోను మోగింది. ఇంకా తీగదే.
తీసింది, వింది,
"వద్దు బాబూ, నాకు సోలారు పలకలు వద్దు"
అని పెట్టేసింది.
"ప్రతి ఇంటా మోగుతుందన్నాను గానీ
అవతల ఎవరుంటారో చెప్పలేదు కదా" అంటూ
ఐదో మనిషి పరుగెత్తుకొస్తాడేమోనని
మళ్ళీ కిటికీ దగ్గరికే వెళ్ళింది,
బస్సు పోయి అప్పటికి పావుగంట.